సింహాచలం

విశాఖపట్నం నగరానికి ఉత్తరపు అంచున, తూర్పు కనుమల వరసలో ఉన్న కొండ పేరూ, ఆ కొండ మీది వరాహ లక్ష్మీనృసింహస్వామి క్షేత్రం పేరూ సింహాచలం. సింహగిరి, సింహాద్రి అని కూడా వ్యవహారం. స్వామికి బిరుదులూ స్తోత్రనామాలూ ఎన్ని ఉన్నా జనం నోట ఒక్కటే పేరు, అప్పన్న. ఉత్తరాంధ్రలో అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, అప్పలకొండ అన్న పేర్లు లేని ఊరు కనబడదు. సింహాచలం అనే పేరు ఆడవాళ్లూ పెట్టుకుంటారు, మగవాళ్లూ పెట్టుకుంటారు. పెళ్లి శుభలేఖలో ఆ పేరు ఒక్కటే కనబడితే తల్లో తండ్రో పక్క పేరు చూసి తేల్చుకోవాలి. ఒడిశా దక్షిణ జిల్లాల వాళ్లకూ ఈయన ఇలవేల్పే.

ప్రసిద్ధ క్షేత్రాల్లో సింహాచలానిది ఒక విడ్డూరం. ఇక్కడ దర్శనానికి వెళ్లినవాడికి మూర్తి కనబడదు. గర్భగుడిలో కనబడేది దట్టంగా పూసిన గంధపు ముద్ద, పైకి నున్నగా శివలింగంలా తోచే ఆకారం. లోపలి విగ్రహాన్ని సంవత్సరానికి ఒక్కరోజు, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే చూడనిస్తారు. ఈ కొండ గురించి చెప్పుకునే కథల్లో చాలావాటికి మూలం ఆ గంధమే. ప్రహ్లాదుడి కథ లోపలున్న రూపం ఎవరిదో చెబుతుంది. పురూరవుడి కథ పైన గంధం ఎందుకో చెబుతుంది. రామానుజుల కథ ఆ గంధం ఎందుకు తీయకూడదో చెబుతుంది. పురాణం ముందా ఆచారం ముందా అని ఎవరైనా అడిగితే, ఈ వ్యాసకర్త మొగ్గు ఆచారం వైపే.

కొండ, దారులు

ఆలయం సముద్రమట్టానికి సుమారు 800 అడుగుల ఎత్తున, మూడు వైపులా గుట్టలు కమ్ముకున్న గిన్నెలాంటి చోట ఉంది. కింద నుంచి చూస్తే గుడి కనబడదు. కొండ అంతా ఖోండలైటు శిల. ఒడిశా సరిహద్దు అడవుల్లోని ఖోండు గిరిజనుల పేరు మీదనే భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతికి ఆ పేరు పెట్టారు. వాన నీళ్లు ఈ రాతి పగుళ్లలో ఇంకి ఏడాది పొడుగునా ధారలుగా ఊరతాయి. గంగధార, ఆకాశధార, చక్రధార, నాగధార, కొండకు అవతలి వైపు మాధవధార. గంగధారలో స్నానం చేసి స్వామిని చూడటం పాత పద్ధతి. స్వామి అభిషేకానికీ ఆ నీళ్లే.

కొండ దిగువన ఉన్న ఊరు అడివివరం. మెట్లదారి మొదలయ్యే చోటును తొలిపావంచా అంటారు. అక్కడ కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెడతారు. వెయ్యికి పైగా మెట్లు. ఇప్పుడు ఎక్కువమంది ఘాటు రోడ్డు మీద బస్సుల్లో, సొంత బండ్లలో వెళ్లిపోతున్నారు గాని, మొక్కున్నవాళ్లు మెట్టు మెట్టుకూ పసుపు రాసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించుకుంటూ ఎక్కడం ఇంకా ఉంది. కొండవాలు నిండా పనస, అనాస తోటలు. ఋతువుకు వెళితే పనసపళ్లూ అనాసలూ దారి పక్కనే రాశులు పోసి అమ్ముతారు. సింహాచలం సంపెంగ మరీ ప్రసిద్ధి. విశాఖ బస్సుల్లో ఒకరి జడలో ఆ పువ్వుంటే బస్సంతా తెలుస్తుంది.

స్థలపురాణం

స్కాందపురాణంలోనిదిగా చెప్పే క్షేత్రమాహాత్మ్యం 32 అధ్యాయాల గ్రంథం. దాని ప్రధానకథ తెలుగువాళ్లకు సగం తెలిసిందే. పోతన భాగవతం సప్తమస్కంధం పుణ్యమా అని స్తంభం చీల్చుకు వచ్చిన నరసింహుణ్ని ఎరగని తెలుగు పిల్లవాడు ఒకప్పుడు ఉండేవాడు కాదు. కాని సింహాచలం కథ ఆ స్తంభం దాకా పోదు, ఇంకా ముందే ఆగుతుంది. హరినామం మానని కొడుకును హిరణ్యకశిపుడు విషంతో, పాములతో, ఏనుగులతో చంపించబోయి విఫలుడై, చివరికి సముద్రంలో పడేయించి మీద కొండను పెట్టించాడు. ఆ కొండ సింహగిరి. విష్ణువు పరుగున వచ్చి కొండను పక్కకు ఒరిగించి బాలుణ్ని పైకి తీశాడు. కొండ మీది నుంచి సముద్రంలోకి తోయించాడని, స్వామి వచ్చి అందుకున్నాడని మరికొందరు చెబుతారు. కొండ ఎక్కి తూర్పుకు చూస్తే సముద్రం కనబడేంత దూరమే కాబట్టి రెండు కథనాలూ స్థలానికి అతుకుతాయి.

ఇక్కడో చిక్కుంది. ప్రహ్లాదుణ్ని సముద్రం నుంచి కాపాడేనాటికి నరసింహావతారం ఇంకా రాలేదు. వరాహావతారం అప్పటికే అయిపోయింది, పినతండ్రి హిరణ్యాక్షుణ్ని చంపింది ఆ వరాహమే. మరి ఇక్కడి మూర్తిలో వరాహమూ నరసింహుడూ ఎలా కలిశారు? స్థలపురాణం ఈ సందేహాన్ని ప్రహ్లాదుడి నోటనే తీర్పించింది. పినతండ్రిని చంపిన రూపాన్నీ, తండ్రిని చంపబోయే రూపాన్నీ ఒక్కచోట చూడాలని అతడు వేడుకున్నాడు, స్వామి అలాగే కనబడ్డాడు. తండ్రి మరణం తరవాత ప్రహ్లాదుడు ఇక్కడే గుడి కట్టి ఆ రూపాన్ని కొలిచాడు. తన వాళ్లను చంపిన దేవుణ్ని జంటగా ఒకే మూర్తిలో చూడాలనుకున్న భక్తుడి కోరికలో ఎంత దుఃఖం, ఎంత నిబ్బరం ఉన్నాయో పురాణకర్త చెప్పలేదు. చెప్పకపోవడమే నయం.

మూర్తి త్రిభంగిలో నిలబడిన ద్విభుజ విగ్రహం. ముఖం వరాహానిది, మొండెం మనిషిది, వెనక సింహపు తోక. పాదాలు నేలలో కూరుకుపోయి కనబడవు. ప్రహ్లాదుణ్ని అందుకునే తొందరలో స్వామి పైనుంచి దూకిన ఊపుకు పాదాలు పాతాళానికి దిగాయని చెబుతారు. కనబడని పాదానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు. స్థపతి చూసుకోకుండా పీఠంలో దించాడనో, నేల మట్టం తరవాత లేచిందనో అనుకుంటే ఆ మాట గుర్తుండదు.

పురూరవుడు, పుట్టమన్ను

కృతయుగం గడిచాక పూజలు ఆగిపోయాయి. గుడి శిథిలమైంది. మూర్తి చుట్టూ పుట్ట లేచింది. చంద్రవంశపు రాజు పురూరవుడు ఊర్వశితో కలిసి విమానంలో పోతుండగా ఈ కొండ మీద విమానం ఆగిపోయింది. స్థలమహిమ అని తెలుసుకుని వెతికితే, పుట్టలో స్వామి ఉన్నాడు. ఊర్వశికి కలలో జాడ తెలిసిందని ఒక పాఠం. రాజు పుట్టమన్నంతా తొలగించి మూర్తిని బయటికి తీశాడు. అప్పుడు అశరీరవాణి పలికింది: నా ఒంటి మీది నుంచి ఎంత మన్ను తీశావో అంత గంధం పుయ్యి, ఏడాదికి ఒక్కరోజే నా నిజరూపం జనానికి చూపు. ఆ రోజు వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ.

పుట్టలో దేవుడు దొరకడం తెలుగుదేశపు స్థలపురాణాల్లో అరుదేం కాదు. తిరుమలలోనూ పుట్ట ఉంది, ఆవు పాలు కురిసింది. తీసిన మన్నుకు గంధంతో బదులు చెల్లించమని దేవుడు లెక్క పెట్టడం మాత్రం సింహాచలానికే ప్రత్యేకం. లెక్క కాబట్టే అది ఇప్పటికీ తూకంలో నడుస్తోంది.

చందనోత్సవం

ఏడాదిలో నాలుగు విడతలుగా స్వామికి గంధం సమర్పిస్తారు. వైశాఖ శుద్ధ తదియ రాత్రి మొదటి విడత. తరవాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములు. విడతకు మూడు మణుగుల చొప్పున మొత్తం పన్నెండు మణుగులు. ఇప్పటి తూకంలో విడతకు 120 కిలోలకు పైగా, అన్నీ కలిపి ఇంచుమించు 500 కిలోలు. ఇది పొడి కాదు, సానమీద నీళ్లతో అరగదీసిన పచ్చి చందనం. జాజిపోకల రకం చెక్కలను తమిళనాడు నుంచి తెప్పిస్తారు. చందనోత్సవానికి ముందే మంచిరోజు చూసి అరగదీత మొదలుపెడతారు. సానరాళ్ల ముందు కూర్చుని రోజంతా చెక్కను తిప్పి తిప్పి రుద్దితే వచ్చే ముద్దను అప్పటికప్పుడు తూచి భద్రం చేస్తారు. యంత్రం తేవచ్చు కదా అని అడిగేవాళ్లు ఉంటారు. ఇంకా చేతులతోనే సాగుతోంది.

తదియకు ముందురాత్రి గుడి మూస్తారు. అర్ధరాత్రి దాటాక సుప్రభాతం, ఆ వెనక వెండి బొరిగెలతో ఏడాది గంధాన్ని మెల్లగా ఒలుస్తారు. రాయి మీద గీత పడకుండా ఒలవడం అర్చకులకు తరతరాల నేర్పు. ఒలిచిన గంధం ప్రసాదమవుతుంది. ఆ పొట్లం చాలా ఇళ్లలో దేవుడి అరలో ఏళ్ల తరబడి ఉంటుంది, జ్వరమొచ్చిన పిల్లవాడి నుదుటికి ఇంత రాస్తారు. తెల్లవారుజామున మొదటి దర్శనం వంశపారంపర్య ధర్మకర్తలైన పూసపాటి వారిది. ప్రభుత్వం తరఫునా తిరుమల తిరుపతి దేవస్థానం తరఫునా పట్టువస్త్రాలు వస్తాయి. అక్కణ్నుంచి రాత్రిదాకా సామాన్యుల వరస. గంటల తరబడి నిలబడినవాడికి దొరికేది కొన్ని క్షణాలే. ఎవరిని ఏమి కనిపించిందని అడిగినా జవాబులు ఒకదానితో ఒకటి కలవవు. సింహముఖం చూశామనేవాళ్లు ఉన్నారు, వరాహముఖం అనేవాళ్లు ఉన్నారు. చాలామంది చీకట్లో నల్లటి రాయి మెరుపు చూసి చేతులు జోడించి బయటపడతారు.

రాత్రి సహస్ర ఘటాభిషేకం. గంగధార నుంచి కలశాలతో నీళ్లు తెచ్చి 1,008 కలశాలతో అభిషేకిస్తారు. ఆ తరవాత మొదటి మూడు మణుగుల గంధం. ఎండలు ముదిరిన వైశాఖంలో దేవుడికి గంధం పూయడం ఒక్క సింహాచలానికే చెల్లలేదు. పూరీ జగన్నాథుడి చందనయాత్ర మొదలయ్యేదీ అక్షయ తృతీయనాడే. కళింగదేశపు రెండు పెద్ద క్షేత్రాల్లో ఒకే తిథికి గంధం వ్రతం పడటం కాకతాళీయం అనుకోలేం. పైగా రెండింటికీ కళింగాన్ని ఏలిన గాంగరాజుల పోషణ ఉంది.

రామానుజుల కథ

శ్రీవైష్ణవుల గురుపరంపర కథల్లో ఒకటి ఈ కొండ మీద జరుగుతుంది. అప్పటికి ఇక్కడి దేవుణ్ని శివలింగంగా కొలుస్తున్నారు. రామానుజాచార్యులు వచ్చి ఇది విష్ణుస్థానమని శైవ పండితులతో వాదించి నెగ్గారు. అర్చనావిధానం మారింది. మారాక, లోపలున్నది విష్ణువే అని లోకానికి చూపడానికి గంధం తీయడం మొదలుపెడితే మూర్తి నుంచి నెత్తురు చెమర్చింది. భయపడి ఆపి, మళ్లీ గంధం కప్పారు. లింగాకారం అలాగే నిలిచింది.

శ్రీకూర్మంలోనూ దాదాపు ఇలాంటి కథే వినబడుతుంది. గాంగరాజ్యంలో వైష్ణవం రాజాదరణ పొందిన కాలపు సంఘర్షణల నీడ ఈ కథల్లో ఉండి ఉండవచ్చు. శైవం కొండ దిగి పూర్తిగా వెళ్లిపోలేదు కూడా. ఇప్పటికీ సింహాద్రికి క్షేత్రపాలకుడు త్రిపురాంతకస్వామి, అంటే శివుడే. కిందికి వస్తే భైరవవాకలో భైరవుడు. గుడిలో పూజలు మాత్రం పాంచరాత్రాగమం ప్రకారం.

శాసనాలు చెప్పే చరిత్ర

పురాణం యుగాల లెక్క చెబితే గోడలు శకాల లెక్క చెబుతాయి. స్తంభాల మీదా గోడల మీదా వందల శాసనాలు ఉన్నాయి, సంస్కృతంలో, తెలుగులో, ఒడియాలో. వాటిలో పాతది కులోత్తుంగ చోళుడి కాలంనాటిది, క్రీ.శ. 1098-99. ఒక వ్యక్తి స్వామికి తోట ఇచ్చినట్టు చెబుతుంది. రాజు కాదు, మంత్రి కాదు, ఒక మామూలు మనిషి తోట ఇచ్చేనాటికే గుడికి పేరుందన్నమాట. క్షేత్రం ఆరంభం అంతకంటే ముందే అని నిర్ణయించడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు. ఈ శాసనాల ఆధారంగా కె. సుందరం రాసిన ఆలయ చరిత్ర 1969లో దేవస్థానం ప్రచురణగా వచ్చింది. సింహాచలం మీద పని చేసేవాళ్లు ఇప్పటికీ అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

ఇప్పుడు కనబడే గుడి చాలావరకు 13వ శతాబ్దిది. తూర్పు గాంగ వంశపు మొదటి నరసింహదేవుడు కోణార్క సూర్యదేవాలయం కట్టించినవాడు. సింహాచలంలో విమానం, ముఖమండపం, నాట్యమండపం, ప్రాకారం నల్లరాతితో లేచింది అతడి పేరిటే. పని ముగిసినట్టు చెప్పే శాసనం 1267-68 నాటిది. ఆనాటికి ఆ రాజు లేడు, కొడుకు భానుదేవుడి ఏలుబడి. శిల్పం చూస్తే కళింగపు చేయి తెలిసిపోతుంది. విమానం మెట్లు మెట్లుగా పైకి సన్నగిల్లుతుంది. గుర్రాలు లాగుతున్న రాతిరథం ఒకటి ఉంది, కోణార్క చూసినవాళ్లు దాని ముందు కాసేపు ఆగుతారు. బయటి గోడల మీద రకరకాల భంగిమల్లో కనబడే రాజపురుషుణ్ని నరసింహదేవుడే అంటారు. నాట్యమండపానికి 96 స్తంభాలు. కల్యాణమండపం పదహారు స్తంభాల మీద విష్ణువు అవతారాలు చెక్కారు. గుడి పడమటి ముఖంగా ఉండటం మరో విశేషం.

ముఖమండపంలోని కప్పస్తంభం దగ్గర ఎప్పుడూ గుంపే. దాని కింద సంతాన వేణుగోపాల యంత్రం ఉందని నమ్మిక. పిల్లలు లేనివాళ్లు, రోగంతో ఉన్నవాళ్లు దాన్ని రెండు చేతులా కౌగిలించుకుని మొక్కుకుంటారు. శతాబ్దాల స్పర్శకు ఆ రాయి నున్నబడింది.

కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో అక్కడి ఏలికలైన గజపతులను ఓడించి 1516లో ఇక్కడికి వచ్చాడు, దేవేరులు చిన్నాదేవి, తిరుమలదేవితో. 991 ముత్యాల హారం, కడియాలు, పతకం వంటి ఆభరణాలు స్వామికి సమర్పించినట్టు శాసనం చెక్కించాడు. 1519లో మళ్లీ వచ్చాడు. శత్రువు ఇలవేల్పుకు విజేత ఇన్ని నగలు పెట్టడంలో భక్తితో పాటు రాజనీతి కూడా ఉంది. కొండవీడు మొదలు సింహాద్రిదాకా వచ్చి, పొట్నూరులో జయస్తంభం నాటి, ఇక్కడి దేవుడికి దండం పెట్టి వెళ్లాక గజపతి కూతురితో పెళ్లి, సంధి జరిగాయి. ఆ నగల శాసనం ఇప్పటికీ గుడిలో ఉంది.

ఆ శతాబ్ది చివర గోల్కొండ కుతుబ్‌షాహీల సైన్యాలు కళింగం మీద పడ్డాయి. గుడికి కష్టకాలం వచ్చింది. 1604 నాటి ఒక శాసనం పూజలు తిరిగి నిలబడ్డాయని చెబుతుంది. తరవాతి రోజుల్లో విజయనగరం పూసపాటి రాజులు ఆలయానికి అండ అయ్యారు.

వచనం, శతకం

తెలుగు సాహిత్యంలో వచన రచనకు ఆద్యుడిగా చెప్పే కృష్ణమాచార్యులు ఈ కొండ దేవుడి భక్తుడే. కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంవాడు. అతడి సింహగిరి వచనాలు స్వామితో ముఖాముఖి మాట్లాడినట్టు సాగుతాయి. నాలుగు లక్షల వచనాలు చెప్పాడని ప్రతీతి, మిగిలినవి బహు కొద్ది. అతడు వచనాలు పాడుతుంటే స్వామి బాలుడై చిందులు వేసేవాడట. రామానుజులు వచ్చి నాకు మోక్షం ఉందా అని స్వామిని అడిగి చెప్పమన్నారనీ, నీ మోక్షమే ఆయన చేతిలో ఉంది అని స్వామి కృష్ణమాచార్యుడికి బదులిచ్చాడనీ మరో కథ. రామానుజులు పన్నెండో శతాబ్ది తొలిభాగంలో పరమపదించారు, కృష్ణమాచార్యులు ఆ తరవాత నూటయాభై ఏళ్లకు గాని రాడు. కాలం లెక్క కుదరదు. కథ మాత్రం చక్కగా కుదిరింది. దేవుడు నా ఆట బొమ్మ అనుకునే కవికి గురువు అవసరాన్ని ఇంత మెత్తగా ఇంకెవరు చెప్పగలరు?

పద్దెనిమిదో శతాబ్దికి వచ్చేసరికి గోగులపాటి కూర్మనాథకవి. సింహాద్రి నారసింహ శతకంలో అతడు స్వామిని పొగడడు, నిలదీస్తాడు. తురకసేనలు ఊళ్లు తగలబెడుతుంటే నిద్రపోతున్నావా అన్న ధోరణిలో పద్యాలు నడుస్తాయి. నిందాస్తుతి తెలుగు శతకాల్లో కొత్త కాదు, కాని చాలా శతకాల్లో అది చమత్కారం. ఇక్కడ మాత్రం కవి నిజంగా మండిపడుతున్నాడు. పద్యాలు చదువుతుండగానే గుహల్లోంచి రాగిరంగు తుమ్మెదలు లేచి సైన్యాన్ని తరిమికొట్టాయని కథ. తుమ్మెదలు ఆగిన చోటని విశాఖలో తుమ్మెదలమెట్టను చూపిస్తారు.

ఏడాది పండుగలు

ఫాల్గుణ పౌర్ణమికి డోలోత్సవం. స్వామి కొండ దిగి అడివివరం వస్తాడు. ఎందుకంటే ఆ ఊరి గ్రామదేవత పైడితల్లి ఆయన చెల్లెలు. ఆమె కూతుర్ని నాకిమ్మని అడగడానికి వస్తాడని ఊరివాళ్లు చెప్పుకుంటారు. మేనరికం తెలుగు కుటుంబాల్లో ఉన్నదే కనుక దేవుడికీ ఆ వరస కలిపారు. వైష్ణవాగమం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కొండ మీది పెద్ద దేవుడికీ ఊళ్లోని అమ్మవారికీ చుట్టరికం కలపకుండా జనం ఊరుకోరు. సంబంధం కుదిరాక చైత్ర శుద్ధ ఏకాదశినాడు వార్షిక కల్యాణం. తరవాతి రోజుల్లో జరిగే వినోదోత్సవం పేరుకు తగ్గదే. స్వామి ఉంగరం పోయిందంటూ పురోహితులు భక్తులను తాళ్లతో కట్టి దొంగలుగా నిలబెడతారు. ఎంత పెద్ద అధికారి అయినా తప్పించుకోలేడు. పుష్య బహుళ అమావాస్యకు అడివివరం వరాహ పుష్కరిణిలో తెప్పోత్సవం.

కోడెదూడలను స్వామికి అర్పించడం పల్లెల మొక్కు. ఇంట్లో ఆవు ఈనితే కోడెదూడ అప్పన్నదని ముందే అనేసుకుంటారు. అలా వచ్చిన దూడలను సాకడం, పంచడం దేవస్థానానికి ఏటా తలకు మించిన పనే.

గిరిప్రదక్షిణ

ఆషాఢ శుద్ధ చతుర్దశి మధ్యాహ్నం నుంచి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయలు పగలడం మొదలవుతుంది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. అడివివరం, ముడసర్లోవ, హనుమంతవాక, విశాలాక్షినగర్, జోడుగుళ్లపాలెం, అప్పుఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, మురళీనగర్, ఎన్‌ఏడీ కూడలి, గోపాలపట్నం, ప్రహ్లాదపురం మీదుగా మళ్లీ తొలిపావంచాకు చేరాలి. రాత్రంతా నడక. లక్షల్లో జనం. చెప్పులు లేని కాళ్లు తారురోడ్డు మీద నడుస్తాయి కాబట్టి వాన పడితేనే సుఖమనుకుంటారు. ఆషాఢం గనక చాలాసార్లు పడుతుంది కూడా. దారి పొడుగునా కాలనీలవాళ్లు మంచినీళ్లు, మజ్జిగ, పులిహోర, కాళ్లకు రాసుకునే నొప్పి మందు పంచుతారు. నగరపు పెద్ద కూడళ్లలో ఆ రాత్రి బండ్లు ఆపేస్తారు.

దారి మధ్యలో సముద్రస్నానం ఉంది. జోడుగుళ్లపాలెం, అప్పుఘర్ తీరంలో నడిచేవాళ్లు మునిగి లేస్తారు. కొండ ప్రదక్షిణ అంటే కొండ మొదలు వెంట తిరిగితే చాలు, అంత దూరం తూర్పుకు వెళ్లి సముద్రాన్ని తాకి రావాల్సిన పనిలేదు. కాని ఈ కొండను సముద్రంలో పడేసిన బాలుడి మీద పెట్టారు కదా. నడిచేవాళ్లలో ఎందరికి ఆ లంకె తోస్తుందో చెప్పలేం. కాళ్లు మాత్రం ప్రహ్లాదుడు మునిగిన నీళ్లదాకా వెళ్లి వస్తాయి. పౌర్ణమినాడు నడక ముగించినవాళ్లు కొండ ఎక్కి దర్శనం చేసుకుంటారు. స్వామికి నాలుగో విడత గంధం ఆరోజే. ఒళ్లంతా నొప్పులతో వచ్చిన జనం, ఒళ్లంతా కొత్త గంధంతో ఉన్న దేవుణ్ని చూస్తారు. ఆ రాత్రి ప్రదక్షిణ చేయలేనివాళ్లు గుడి లోపలే చుట్టూ తిరిగి మొక్కు తీర్చుకుంటారు.

పాలన, భూములు

ఆలయం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ దేవాదాయశాఖ కింద, కార్యనిర్వహణాధికారి ఆధ్వర్యంలో నడుస్తుంది. పూసపాటి వంశీకులు వంశపారంపర్య ధర్మకర్తలు. ఆ వంశంలో ఎవరు ధర్మకర్త అన్నదాని మీద 2020లో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును 2021 జూన్‌లో హైకోర్టు కొట్టేసింది.

2025 ఏప్రిల్ 30న చందనోత్సవం రోజు తెల్లవారకముందే కురిసిన భారీ వానకు, కొద్దిరోజుల ముందే కట్టిన గోడ ఒకటి దర్శనం వరస మీద కూలి ఏడుగురు చనిపోయారు. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. ఏడాదికి ఒక్కరోజే నిజరూప దర్శనం అన్న నియమం వల్ల ఒకే పూట కొండ మీదికి చేరే జనాన్ని ఎలా నిలపాలన్నది పాత ప్రశ్నే. ఆ రోజు దానికి ప్రాణాలు పోయాయి.

దేవస్థానానికి చుట్టుపక్కల వేల ఎకరాలు ఉన్నాయని రికార్డు. అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి గ్రామాల్లోని భూముల వివాదాన్నే పంచగ్రామాల సమస్య అంటారు. విశాఖ పెరిగి ఆ పొలాల మీద కాలనీలు లేచాయి. భూమి స్వామిదని దేవస్థానం, తరాలుగా ఉంటున్న ఇల్లు మాది అని నివాసులు. రిజిస్ట్రేషన్లు ఆగి, ఇల్లు మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి కష్టమై, ఎన్నికలొచ్చినప్పుడల్లా అన్ని పార్టీల హామీల్లోనూ ఈ సమస్య ఉంటోంది. కేసులు కోర్టుల్లో నడుస్తున్నాయి.